మిషన్ హైస్కూలు చదువు: పాసు ఎవరు చేస్తారు, మార్కు ఎవరు వేస్తారు



మన సరిహద్దు జిల్లాల్లో తెలుగువారి పిల్లలు పెద్ద సంఖ్యలో చదువుకునే బడులలో క్రైస్తవ సంస్థలు నడిపే హైస్కూళ్ళు ముఖ్యమైనవి. ఊళ్ళో వీటిని మిషన్ స్కూలనీ, కాన్వెంటనీ, ఫాదర్లగారి బడి అనీ అంటాం. ఈ బడిలో పదో తరగతి గట్టెక్కి సర్టిఫికెట్ చేతికి రావాలంటే ఏమేమి కావాలి, మార్కులు, గ్రేడులు ఎవరు నిర్ణయిస్తారు, అందులో బడి చేతిలో ఉన్నదెంత, పైన బోర్డు చేతిలో ఉన్నదెంత అన్న సంగతులు ఈ పూట ముచ్చటించుకుందాం.

ఇది తెలుసుకోవలసిన అవసరం ఏమిటని మీరు అడగవచ్చు. అవసరం ఉంది. పిల్లవాడు తప్పాడని తెలిసిన రోజున తల్లిదండ్రులు బడికి పరుగెడతారు. అక్కడ చేయగలిగింది ఏమీ ఉండదు, ఎందుకంటే ఆ నిర్ణయం బోర్డుది. అదే పిల్లవాణ్ణి తొమ్మిదో తరగతిలో నిలిపివేసినప్పుడు బోర్డు ఆఫీసు చుట్టూ తిరుగుతారు. అక్కడా పని జరగదు, ఎందుకంటే ఆ నిర్ణయం బడిది. ఏ మాట ఎవరిని అడగాలో తెలియక ఒక సంవత్సరం, ఒక్కొక్కప్పుడు చదువు మొత్తం చేజారిపోయిన పిల్లలు మన మధ్య ఉన్నారు.

ముందుగా ఒక్క విషయం మనసులో పెట్టుకోవాలి. అమెరికావంటి దేశాలలో హైస్కూలు తానే పట్టా ఇస్తుంది. ఎన్ని సబ్జెక్టులు చదవాలి, ఎంత వస్తే ఏ గ్రేడు అనేది అక్కడి క్రైస్తవ పాఠశాలలు చాలావరకు తామే నిర్ణయించుకుంటాయి. మన దేశంలో పద్ధతి వేరు. బడి ఎవరిదైనా, గేటు మీద సిలువ ఉన్నా, గుడి బొమ్మ ఉన్నా, ప్రభుత్వ చిహ్నం ఉన్నా, పదో తరగతి సర్టిఫికెట్ ఇచ్చేది పరీక్షల బోర్డు. బడి పిల్లవాణ్ణి తయారుచేసి పరీక్షకు పంపుతుంది. పాసయ్యాడో లేదో చెప్పేది బోర్డు.

ఈ పద్ధతికి పాత చరిత్ర ఉంది. బళ్ళారి 1953 వరకూ, గంజాం, కోరాపుట్ ప్రాంతాలు 1936 వరకూ మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి. వేలూరు సరేసరి. బళ్ళారిలో లండన్ మిషన్ వారి వార్డ్‌లా పాఠశాల 1846లో మొదలైంది. 1853లో ఏర్పడిన అమెరికన్ ఆర్కాట్ మిషన్ ఇటు వేలూరులోనూ, అటు మదనపల్లెలోనూ పనిచేసింది. కోరాపుట్ వైపు 1882లో జర్మనీ నుంచి లూథరన్ మిషనరీలు వచ్చారు. ఈ బడులన్నిటిలోనూ పిల్లలు మొదట్లో రాసినది మద్రాసు విశ్వవిద్యాలయం పెట్టిన మెట్రిక్యులేషన్ పరీక్ష. అంతా ఆ ఒక్క పరీక్షే. బడిలో ఏళ్ళ తరబడి ఎలా చదివాడన్నది లెక్కలోకి వచ్చేది కాదు. 1911 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం ఎస్.ఎస్.ఎల్.సి. అనే కొత్త పద్ధతి తెచ్చింది. అంటే హైస్కూలు విడిచిపెట్టేటప్పుడు ఇచ్చే ధ్రువపత్రం. అందులో చివరి పరీక్ష మార్కులతోపాటు బడిలో ఉపాధ్యాయులు వేసిన మార్కులు కూడా ఎక్కేవి. బడి మాటకూ, బోర్డు మాటకూ ఒకే కాగితం మీద చోటు దొరికింది. కర్ణాటకలో, తమిళనాడులో, కేరళలో ఈనాటికీ ఆ పేరే వాడుకలో ఉంది.

ఇప్పుడు క్రైస్తవ పాఠశాలకు ఉన్న ప్రత్యేకత ఏమిటో చూద్దాం. మన రాజ్యాంగం 30వ అధికరణం మతపరమైన అల్పసంఖ్యాకులకూ, భాషాపరమైన అల్పసంఖ్యాకులకూ తమకు నచ్చిన విద్యాసంస్థలు స్థాపించుకుని నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. హెడ్మాస్టరును ఎంచుకోవడం, చేర్పులు, క్రమశిక్షణ, బడి వేళలు మొదలైనవి ఆ నిర్వహణ కిందికి వస్తాయి. అయితే నిర్వహించే హక్కు అంటే చెడ్డగా నిర్వహించే హక్కు కాదని 1958లో కేరళ విద్యా బిల్లు వ్యవహారంలోనే సుప్రీంకోర్టు చెప్పింది. చదువు ప్రమాణాలకు సంబంధించిన నియమాలు, అంటే పాఠ్యప్రణాళిక, పరీక్ష, ఉపాధ్యాయుల అర్హతలు వంటివి ఈ బడులకూ వర్తిస్తాయి. కనుక ఎంత పేరున్న మిషన్ స్కూలైనా బోర్డు పెట్టిన పాసు మార్కును తగ్గించలేదు, పెంచనూ లేదు.

ఇక్కడ చాలామంది తల్లులు అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "సిస్టరమ్మా, మా పాపకు బైబిలు పరీక్షలో తక్కువొచ్చినాయి. పదో క్లాసులో ఫెయిలు చేస్తారా?" దీనికి జవాబు, చెయ్యరు. స్క్రిప్చర్, నీతిబోధ, మోరల్ సైన్సు అనే పేర్లతో బడి సొంతంగా పెట్టుకునే పరీక్షల మార్కులు బోర్డు మార్కుల పట్టికలో కలవవు. పైగా 28వ అధికరణం మూడో ఖండం ఇంకొక రక్షణ ఇచ్చింది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలోగాని, ప్రభుత్వ నిధులు అందుకునే బడిలోగాని మతబోధలోనూ, ఆరాధనలోనూ పాల్గొనమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. పిల్లలు మైనర్లు కనుక సంరక్షకుల సమ్మతి కావాలి. ఆ సమ్మతి చేర్పు ఫారంలో ఎక్కడో ఒక మూల అచ్చై ఉండవచ్చు. సంతకం పెట్టేముందు చదువుకోవడం మన పని. ఇష్టమైతే వినవచ్చు, లేకపోతే మర్యాదగా వద్దని రాసి ఇవ్వవచ్చు. దానికోసం తగువు పడనక్కరలేదు. చాలా బడులలో ఆ గంటలో పిల్లలను లైబ్రరీలో కూర్చోబెట్టే ఏర్పాటు ఉంటుంది.

ఇక అసలు లెక్కలోకి వద్దాం. మన శ్రోతలు ఒక్క రాష్ట్రంలో లేరు కనుక ఒక్కొక్క చోటి పద్ధతి విడివిడిగా చెబుతాను. కాగితం, పెన్సిలు దగ్గర ఉంటే రాసుకోండి.

కర్ణాటకలో ఎస్.ఎస్.ఎల్.సి. మొత్తం 625 మార్కులకు. మొదటి భాషకు 125, మిగిలిన ఐదు సబ్జెక్టులకు ఒక్కొక్కదానికి 100. ఇంతకాలం నూటికి 35 పాసు మార్కుగా ఉండేది. 2025-26 విద్యా సంవత్సరం నుంచి అమలు చేసేటట్టు 2025 అక్టోబరులో కొత్త నియమం ప్రకటించారు. దాని ప్రకారం మొత్తం 625కు 206, అంటే నూటికి 33 రావాలి. అదీకాక ప్రతి సబ్జెక్టులోనూ కనీసం 30 రావాలి. ఇందులో ఒక చిక్కు ఉంది, గమనించండి. "ముప్ఫై వస్తే పాసు" అన్న మాట ఊళ్ళో పాకిపోయింది. ఆరు సబ్జెక్టుల్లోనూ సరిగ్గా 30 చొప్పున వస్తే మొత్తం 180 అవుతుంది. 206కు ఇంకా 26 మార్కులు తక్కువ. అంటే ఆ పిల్లవాడు పాసు కాడు. లెక్కల్లో 30 వచ్చినవాడు ఆ లోటును ఇంకొక సబ్జెక్టులో, ముఖ్యంగా 125 మార్కుల మొదటి భాషలో పూడ్చుకోవాలి.

తమిళనాడులో పదో తరగతి 500 మార్కులకు. ఐదు సబ్జెక్టులు, ఒక్కొక్కదానిలో 35 రావాలి. విజ్ఞానశాస్త్రం మాత్రం రెండు ముక్కలు. రాతపరీక్ష 75కు, ప్రాక్టికల్ 25కు. రాతలో కనీసం 20, ప్రాక్టికల్‌లో కనీసం 15 రావాలి. రాతలో 60 తెచ్చుకున్న పిల్ల కూడా ప్రాక్టికల్‌కు హాజరు కాకపోతే గట్టెక్కదు. జ్వరం వచ్చిందనో, పెళ్ళికి ఊరు వెళ్ళామనో ప్రాక్టికల్ రోజు మానుకునే కుటుంబాలు ఈ మాట గుర్తుంచుకోవాలి. ఇంకొక సంగతి. ఒకప్పుడు తమిళనాట మెట్రిక్యులేషన్ బడులకు వేరే బోర్డు, వేరే పుస్తకాలు ఉండేవి. చాలా కాన్వెంటు బడులు అందులో ఉండేవి. 2010 నాటి సమాన పాఠశాల విద్యా చట్టంతో, దానిపై 2011లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో అందరికీ ఒకే పాఠ్యప్రణాళిక, ఒకే పదో తరగతి పరీక్ష వచ్చాయి. బడి బోర్డు మీద మెట్రిక్యులేషన్ అన్న మాట కనిపించినా పరీక్ష అందరిదీ ఒకటే.

ఒడిశాలో మాధ్యమిక విద్యా బోర్డు వారి హైస్కూలు సర్టిఫికెట్ పరీక్ష 600 మార్కులకు. మూడు భాషలు, లెక్కలు, విజ్ఞానం, సాంఘికం. అక్కడ మార్కులతోపాటు గ్రేడు ఇస్తారు. 90, ఆపైన వస్తే ఏ-1, 80 దాటితే ఏ-2, అలా దిగుతూ పోయి చివర ఎఫ్ అంటే ఫెయిలు. మహారాష్ట్రలో ఎస్.ఎస్.సి. ఆరు సబ్జెక్టులు, ఒక్కొక్కదానిలో 35 రావాలి. శాతం లెక్కగట్టేటప్పుడు మాత్రం ఎక్కువ వచ్చిన ఐదింటినే తీసుకుంటారు. దీన్ని 'బెస్ట్ ఆఫ్ ఫైవ్' అంటారు. ఐదు లెక్కపెడతారు కదా అని ఆరోదాన్ని వదిలేస్తే కుదరదు. అందులోనూ పాసు కావాలి. యానాంలో పిల్లలు చాలాకాలంగా ఆంధ్రప్రదేశ్ బోర్డు పరీక్ష రాస్తూ వచ్చారు. 2023-24 నుంచి పుదుచ్చేరి ప్రభుత్వ పాఠశాలలు సి.బి.ఎస్.ఇ. వైపు మళ్ళాయి. కనుక యానాంలో ఒకే వీధిలోని ఇద్దరు పిల్లలు రెండు బోర్డుల కింద చదువుతూ ఉండవచ్చు.

క్రైస్తవ సంస్థల బడులలో కొన్ని రాష్ట్ర బోర్డులో కాక సి.బి.ఎస్.ఇ.లోనో, ఐ.సి.ఎస్.ఇ.లోనో ఉంటాయి. సి.బి.ఎస్.ఇ. పదో తరగతిలో రాతపరీక్ష, బడి మార్కులు కలిపి నూటికి 33 రావాలి. ఐ.సి.ఎస్.ఇ.లో కూడా పాసు మార్కు 33. ఇంగ్లీషుతో కలిపి కనీసం ఐదు సబ్జెక్టులలో పాసు కావాలి. వాటికి తోడు సమాజానికి పనికివచ్చే చేతిపని, సేవ అనే అంశం ఉంటుంది. దానికి గ్రేడు వేసేది బడే. అందులో తప్పినవారికి పాసు సర్టిఫికెట్ రాదు. చెట్లు నాటడం, కుట్టుపని, ఆసుపత్రిలో సాయం వంటివి చదువు కాదులే అని తోసివేయకూడదన్నమాట.

గ్రేడుల గురించి ఒక హెచ్చరిక చెప్పాలి. ఏ-1 అన్న అక్షరం ఒకటే అయినా అర్థం అన్నిచోట్లా ఒకటి కాదు. ఒడిశా బోర్డులో 90 తెచ్చుకున్న ప్రతివారికీ ఏ-1 వస్తుంది. సి.బి.ఎస్.ఇ.లో అలా కాదు. ఒక సబ్జెక్టులో పాసైనవారందరినీ మార్కుల వరుసలో నిలబెట్టి ఎనిమిది భాగాలు చేస్తారు. పై ఎనిమిదో వంతుకు ఏ-1, ఆ తరువాతి ఎనిమిదో వంతుకు ఏ-2, ఇలా వేస్తారు. అందువల్ల ఆ ఏడు చాలామందికి ఎక్కువ మార్కులు వస్తే 90 వచ్చిన పిల్లకు కూడా ఏ-1 రాకపోవచ్చు. పక్కింటి పిల్లకు ఏ-1, మన పిల్లకు బి-1 అని చిన్నబుచ్చుకోకుండా ఏ బోర్డు, ఎన్ని మార్కులు అని అడగండి. కాలేజీలో చేర్చుకునేటప్పుడు కూడా వేరే రాష్ట్రానికి వెళుతున్నామంటే గ్రేడు ఒక్కటే చూపి ఊరుకోక మార్కుల పట్టిక వెంట తీసుకువెళ్ళడం మంచిది.

ఇంతవరకూ బోర్డు చేతిలోని సంగతులు. ఇప్పుడు బడి చేతిలో ఉన్నవి.

మొదటిది అంతర్గత మార్కులు. కర్ణాటకలో మొదటి భాషకు 25, మిగిలినవాటికి 20 చొప్పున బడిలోనే వేస్తారు. మహారాష్ట్రలోనూ, సి.బి.ఎస్.ఇ.లోనూ 20 చొప్పున. పరీక్ష రాసేది 80కే. ఆ 20 మార్కులు సంవత్సరం పొడుగునా చిన్న పరీక్షల ద్వారా, నోటుపుస్తకం ద్వారా, ప్రాజెక్టుల ద్వారా వస్తాయి. వారం వారం బడి ఎగ్గొట్టి, చివర రెండు నెలలు ట్యూషనులో రుబ్బితే పోయిన ఈ మార్కులు తిరిగి రావు. ఈ మార్కుల విలువ ఎంతో 2020లో, 2021లో కోవిడ్ కాలంలో తెలిసింది. తమిళనాడులో 2020లో పదో తరగతి పరీక్ష రద్దుచేసి, మూడు నెలల పరీక్ష, అర్ధ సంవత్సర పరీక్ష మార్కులకు నూటికి 80 వంతులు, హాజరుకు 20 వంతులు లెక్కగట్టారు. బడి రికార్డే పిల్లల భవిష్యత్తు అయింది. బడి పరీక్షలకు శ్రద్ధగా కూర్చున్నవారు ఆ ఏడాది నిశ్చింతగా ఉన్నారు.

రెండవది హాజరు. సాధారణంగా నూటికి 75 రోజులు హాజరు ఉండాలి. మన వ్యవసాయ కుటుంబాలలో వేరుశెనగ పీకే రోజుల్లో, చెరకు కోత రోజుల్లో పిల్లలను మానిపిస్తాం. కొన్ని కుటుంబాలు పనికోసం బెంగుళూరుకో, మద్రాసుకో నెలల తరబడి వలసపోతాయి. అనారోగ్యం వంటి కారణాలున్నప్పుడు హాజరు తగ్గినా మన్నింపు కోరే వీలుంటుంది. కాని ఆ అర్జీ హెడ్మాస్టరు ద్వారా, సమయానికి, డాక్టరు కాగితంతో వెళ్ళాలి. హాల్ టికెట్ రాలేదని పరీక్ష ముందురోజు పరిగెత్తితే ప్రయోజనం ఉండదు.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, తొమ్మిదో తరగతి. దీన్ని గురించి కొంచెం విడమరచి చెబుతాను.

పేరున్న బడులు వందకు వంద ఫలితం అని గేటు దగ్గర పెద్ద అక్షరాలతో రాసుకుంటాయి. ఆ వంద రావడానికి రెండు దారులున్నాయి. వెనుకబడిన పిల్లలను ముందుకు తేవడం ఒకటి. వెనుకబడిన పిల్లలను పదో తరగతిలోకి రానివ్వకపోవడం రెండవది. మొదటి దారిలో నడిచే మిషన్ బడులు ఎన్నో ఉన్నాయి. సాయంత్రం ఆరు దాకా పిల్లలను కూర్చోబెట్టి చదివించే ఫాదర్లు, సిస్టర్లు, వారితో సమానంగా శ్రమపడే ఉపాధ్యాయులు మనకు తెలుసు. కాని రెండవ దారి పట్టే బడులు కూడా, క్రైస్తవులవీ, ఇతరులవీ, లేకపోలేదు. తొమ్మిదో తరగతి చివర తండ్రిని పిలిచి, "మీవాడు ఇక్కడ నెగ్గుకు రాలేడండి, టి.సి. తీసుకుపోండి" అంటారు. చదువురాని తండ్రి చేతులు కట్టుకుని, "మీరెట్ల చెప్తే అట్లే సార్" అని వేలిముద్ర వేస్తాడు. ఆ కాగితంలో తల్లిదండ్రుల కోరికపై టి.సి. ఇచ్చినట్టు రాసి ఉంటుంది. ఆ పిల్లవాణ్ణి తొమ్మిది తప్పినవాడుగా ఇంకో బడి తీసుకోదు. అంతటితో చదువు ఆగిపోతుంది.

2009 నాటి ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు, అంటే ఎనిమిదో తరగతి దాకానే. అదీకాక మైనారిటీ సంస్థల బడులకు ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ తీర్పును తిరిగి పరిశీలించవలసి ఉందని 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తులు అభిప్రాయపడి విషయాన్ని ప్రధాన న్యాయమూర్తి ముందుంచారు. ఏమైనా తొమ్మిదో తరగతి పిల్లలకు ఆ చట్టం అండ లేదు. కనుక తల్లిదండ్రులే జాగ్రత్తపడాలి.

ఏం చేయాలి? తొమ్మిదో తరగతిలో చేరిన జూన్ నెలలోనే పై తరగతికి పంపడానికి ఎంత రావాలో, ఏ ఏ పరీక్షల సగటు చూస్తారో రాతపూర్వకంగా అడగండి. మూడు నెలల పరీక్ష ప్రోగ్రెస్ కార్డు రాగానే పిల్లవాడు ఎందులో వెనుకబడ్డాడో టీచరును కలిసి మాట్లాడండి. అర్ధ సంవత్సర పరీక్షకు మళ్ళీ వెళ్ళండి. ఏడాదిలో రెండుసార్లు బడి మెట్లెక్కిన తండ్రి కొడుకును మార్చి నెలలో హఠాత్తుగా తీసివేయడం ఏ హెడ్మాస్టరుకైనా కష్టమే. ఒకవేళ నిలిపివేస్తే అదే బడిలో తొమ్మిది తిరిగి చదివించమని అడగండి. మీకు ఇష్టం లేనిదే, మీ కోరిక మీద టి.సి. తీసుకుంటున్నట్టు రాసిన కాగితం మీద సంతకం పెట్టకండి. న్యాయం జరగలేదనిపిస్తే బ్లాకు విద్యాధికారికి, ఆపైన జిల్లా విద్యాధికారికి అర్జీ ఇవ్వవచ్చు. ప్రభుత్వ సహాయం అందుకునే బడి అయితే ఉపాధ్యాయుల జీతాలు ప్రభుత్వమే ఇస్తుంది. అక్కడ ఆ అధికారుల మాటకు విలువ మరీ ఎక్కువ.

ఇక మన భాష సంగతి. మిషన్ బడి మతరీత్యా మైనారిటీది. మనం భాషరీత్యా మైనారిటీ. 2002లో టి.ఎం.ఏ. పాయ్ కేసులో సుప్రీంకోర్టు మతం విషయంలోనైనా భాష విషయంలోనైనా మైనారిటీ ఎవరన్నది రాష్ట్రాన్నిబట్టి చూడాలని చెప్పింది. అనంతపురంలో తెలుగువాడు మైనారిటీ కాడు. సరిహద్దు దాటి బళ్ళారిలో అడుగుపెడితే మైనారిటీ. కాని బడివారి హక్కు ఆ బడిని నడుపుకునే హక్కు. మన పిల్లకు తెలుగు చెప్పించే బాధ్యత దానంతట అది అందులో నుంచి రాదు. అడిగేవారుంటేనే తెలుగు పండితుడు ఉంటాడు.

మార్కుల పట్టికలో తెలుగు ఎక్కడ ఉంటుందన్నది ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క రకం. కర్ణాటకలో తెలుగును మొదటి భాషగా తీసుకుని పరీక్ష రాసే వీలుంది. 2015 నాటి కన్నడ భాషాభ్యసన చట్టం కన్నడాన్ని మొదటి భాషగా గాని, రెండో భాషగా గాని చదవాలంటుంది. కనుక తెలుగు మొదటి భాష, కన్నడం రెండో భాష అన్న ఏర్పాటుకు అడ్డు లేదు. ఇందాక చెప్పిన 125 మార్కులు ఈ మొదటి భాషవే. ఇంట్లో మాట్లాడే భాషలో ఆ మార్కులు తెచ్చుకోవడం పిల్లలకు తేలిక. ఒడిశాలో కూడా తెలుగు మొదటి భాషగా రాసే అవకాశం బోర్డు ఇచ్చింది.

తమిళనాడులో పరిస్థితి వేరు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ప్రకారం తమిళం మొదటి భాగంగా తప్పనిసరి. 2006-07లో ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున పెరుగుతూ 2015-16 నాటికి అది పదో తరగతికి చేరింది. తెలుగు, కన్నడ, ఉర్దూ, మలయాళ పిల్లల తరఫున కోర్టులకు వెళితే కొన్ని సంవత్సరాలు మినహాయింపులు దొరికాయి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏటి పరీక్షకు భాషా మైనారిటీ పిల్లలకు తమిళం పేపరు నుంచి మినహాయింపు ఇచ్చింది. హోసూరు, కృష్ణగిరి, తిరుత్తణి వైపు తల్లిదండ్రులు రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. తమిళం బాగా నేర్పించండి, అది మనమున్న నేల భాష, బతుకు తెరువు కూడా. తెలుగు ఐచ్ఛిక భాషగా రాయిస్తుంటే ఆ మార్కులు పట్టికలో ఎక్కుతాయా, మొత్తంలో కలుస్తాయా, అందులోనూ 35 రావాలా అన్నది ఆ ఏడాది ఉత్తర్వు చూపి చెప్పమని తొమ్మిదో తరగతిలోనే బడిని అడగండి. నామినల్ రోలు పంపిన తరువాత భాష మార్చడం కష్టం.

సి.బి.ఎస్.ఇ. బడిలో చదివేవారికి మరొక మాట. అక్కడ తెలుగుకు రెండు కోడు నెంబర్లున్నాయి. ఆంధ్రప్రదేశ్ తెలుగుకు 007, తెలంగాణ తెలుగుకు 089. పుస్తకాలు వేరు. చదివినది ఒకటి, రాసిన నెంబరు ఇంకొకటి అయితే పరీక్ష హాలులో పిల్ల తెల్లబోతుంది. రిజిస్ట్రేషను కాగితం మీద కోడు నెంబరు స్వయంగా చూసుకోండి.

అదే కాగితంలో పేరు కూడా చూడండి. మనవారికి ఇంటిపేరు ఉంటుంది. తమిళనాట తండ్రి పేరులోని మొదటి అక్షరం ఇనిషియల్‌గా పెడతారు. కర్ణాటకలో ఊరిపేరు, తండ్రిపేరు రెండూ పెట్టడం ఉంది. ఆధార్‌లో ఒక రకం, బడిలో ఒక రకం, రేషను కార్డులో మరొక రకం పేరుంటే రేపు కాలేజీలోనూ, ఉద్యోగంలోనూ, పాస్‌పోర్టు ఆఫీసులోనూ తిప్పలు తప్పవు. పుట్టిన తేదీకి పదో తరగతి సర్టిఫికెట్‌నే రుజువుగా అడిగే చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. సర్టిఫికెట్ అచ్చయిన తరువాత దిద్దించడానికి నెలలు పడుతుంది. అచ్చుకు ముందైతే హెడ్మాస్టరుగారి ఒక్క సంతకంతో పోతుంది.

ఫలితాలు వచ్చాక తప్పినా, అనుకున్నదానికంటె తక్కువ వచ్చినా దారులు మూసుకుపోవు. జవాబుపత్రం నకలు తీసుకోవడం, మార్కులు తిరిగి కూడించడం, తిరిగి దిద్దించడం, సప్లిమెంటరీ పరీక్ష రాయడం వంటి ఏర్పాట్లు బోర్డులలో ఉన్నాయి. అన్నిటికీ గడువులు చిన్నవి, కొన్ని రోజులే. అందుకని ఫలితం రోజున పిల్లను తిట్టడంలో పొద్దు గడపకుండా, మర్నాడే బడికి వెళ్ళి ఆఖరు తేదీ కనుక్కోండి. ఒక్క సబ్జెక్టు తప్పిన పిల్లకు ఆ ఒక్కటే తిరిగి రాసి అదే ఏడు పై చదువుకు వెళ్ళే అవకాశం చాలాచోట్ల ఉంది.

క్లుప్తంగా చెప్పుకుంటే, పాసు మార్కు, గ్రేడు, సర్టిఫికెట్ బోర్డువి. అంతర్గత మార్కులు, హాజరు పట్టిక, తొమ్మిది నుంచి పదికి పంపడం, టి.సి.లో నడవడి గురించి రాసే మాట బడివి. మతబోధకు సమ్మతి, భాష ఎంపిక, పేరు సరిచూసుకోవడం మనవి. వీటిలో మనవి మూడూ మనం సరిగ్గా చూసుకుని, బడివాటిని సకాలంలో అడిగి తెలుసుకుంటే, బోర్డుదాని గురించి అంతగా భయపడే పని ఉండదు.

మిషన్ బడులు మన ప్రాంతాలలో బడి గడప తొక్కనివ్వని కులాల పిల్లలకూ, ఆడపిల్లలకూ తలుపులు తెరిచినవి. వాటి పట్ల మనకు గౌరవం ఉంది. గౌరవం ఉన్నచోట అడగడానికి జంకు ఉండనక్కరలేదు. వినయంగా అడగండి, కాగితం మీద అడగండి, ముందుగా అడగండి. రాబోయే జూన్‌లో మీ పిల్లను తొమ్మిదిలో చేర్చేటప్పుడు ఈ నాలుగు మాటలు పనికివస్తే ఈ ప్రసంగం ప్రయోజనం నెరవేరినట్టే.